మాక్రో దొరికింది, ఇక నడపొచ్చా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం మీద ఉన్నాయి, అందుకని శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను. మైక్రోస్కోప్ ఫొటోల్లో కణాలు లెక్కపెట్టడానికి, ఆకు వైశాల్యం కొలవడానికి, జెల్ మీద బ్యాండ్లు పోల్చుకోవడానికి వాడే ఇమేజ్‌జె సాఫ్ట్‌వేర్, దానిలో మాక్రోలు. కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్తాను. అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో వేన్ రాస్‌బాండ్ 1987లో మాకింటాష్ కంప్యూటర్ల కోసం ఎన్‌ఐహెచ్ ఇమేజ్ అనే ప్రోగ్రామ్ మొదలుపెట్టారు, 1997లో దాన్ని జావాలో కొత్తగా రాస్తే ఇమేజ్‌జె అయింది. జీవశాస్త్రం వాళ్లకి కావాల్సిన ప్లగిన్లు (అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్‌లు), అప్‌డేట్ చేసే ఏర్పాటు అన్నీ కలిపి ఇచ్చే మూట పేరు ఫిజీ. మాక్రో అంటే మనం మౌస్‌తో ఒకదాని తర్వాత ఒకటి చేసే పనుల్ని వరసగా రాసిపెట్టిన మామూలు టెక్స్ట్ ఫైల్, అంతే. ఇక ప్రశ్నల్లోకి వెళ్దాం.

ప్రశ్న: మా ల్యాబ్ కంప్యూటర్‌లో సీనియర్లు వదిలి వెళ్లిన మాక్రోలు నూట నలభై దాకా ఉన్నాయి. పేర్లు చూస్తే 'కౌంట్ ఫైనల్', 'కౌంట్ ఫైనల్ 2', 'కొత్తది', 'ఇదే వాడండి' ఇలా ఉన్నాయి. నాకు కావాల్సింది ఏదో తెలియాలంటే ఒక్కొక్కటీ తెరిచి చూడాలి, నిన్న సగం రోజు దీనికే పోయింది. మాక్రోలన్నీ ఒకచోట చూపించి, వెతకనిచ్చి, నొక్కగానే నడిపే టూల్ ఏదైనా ఉందా అండీ?
(ఒక పరిశోధక విద్యార్థిని)

జవాబు: ఉందండి. మీ ఫిజీలోనే రెండు మూడు దారులున్నాయి, చాలామంది అటు చూడరు, అంతే.

మొదటిది స్క్రిప్ట్ ఎడిటర్. ఫిజీ తెరిచి కీబోర్డ్ మీద ఎడమ చదరపు బ్రాకెట్ నొక్కితే అది వస్తుంది. దానికి ఎడమ పక్కన ఫోల్డర్ల చెట్టు కనిపిస్తుంది, అందులో మీ మాక్రోల ఫోల్డర్‌ని చేర్చుకుంటే పైనున్న పెట్టెలో పేరులో ముక్క టైప్ చేసి ఫైళ్లు జల్లెడ పట్టొచ్చు, డబుల్ క్లిక్ చేస్తే కోడ్ కళ్ల ముందుకొస్తుంది. నాకు ఇది ఇష్టం, ఎందుకంటే ఇక్కడ మాక్రోని నడపడానికి ముందే చదవాల్సి వస్తుంది. దాని సంగతి కింద ఇంకో జవాబులో చెప్తాను.

రెండోది మెనూ. మీరు తరచుగా వాడే మాక్రో ఫైల్ పేరులో ఒక అండర్‌స్కోర్ పెట్టి, ఫైల్ చివర డాట్ ఐజేఎం ఉండేలా చూసి, ప్లగిన్స్ ఫోల్డర్‌లో వేసి, హెల్ప్ మెనూలో రిఫ్రెష్ మెనూస్ నొక్కండి. అండర్‌స్కోర్ బదులు ఖాళీతో అది ప్లగిన్స్ మెనూలో కనిపిస్తుంది. అప్పటినుంచి టూల్‌బార్ కింద ఉన్న వెతుకు పెట్టెలో పేరు టైప్ చేసినా దొరుకుతుంది, ఎల్ అక్షరం నొక్కితే కర్సర్ నేరుగా ఆ పెట్టెలోకే వెళ్తుంది. ఒకదానికొకటి సంబంధం ఉన్న చిన్న చిన్న మాక్రోలైతే అన్నీ ఒకే ఫైల్‌లో రాసి, మాక్రోస్ ఫోల్డర్ లోపల టూల్‌సెట్స్ అనే ఫోల్డర్‌లో పెట్టండి. టూల్‌బార్ కుడి చివర రెండు బాణాల గుర్తు ఉంటుంది చూడండి, దాన్ని నొక్కితే ఆ సెట్ పేరు వస్తుంది, ఎంచుకోగానే అందులో టూల్‌గా రాసిన మాక్రోల బటన్లు టూల్‌బార్ మీద దిగుతాయి.

మూడోది బార్ అనే అప్‌డేట్ సైట్, అంటే ఫిజీకి అదనపు ప్లగిన్లు తెచ్చుకునే చోటు. హెల్ప్ మెనూలో అప్‌డేట్‌కి వెళ్లి, మేనేజ్ అప్‌డేట్ సైట్స్‌లో దాని పక్కన టిక్ పెట్టి ఫిజీని మూసి తెరవాలి. ఎక్కడైనా పనికొచ్చే చిన్న రొటీన్లని విశ్లేషణ, సెగ్మెంటేషన్ (కణాల్ని నేపథ్యం నుంచి వేరు చేయడం) అని విభాగాలుగా పెట్టి ఒక మెనూలో చూపిస్తుంది, మీ సొంత మాక్రోలు పెట్టుకోవడానికి మై రొటీన్స్ అని చోటు కూడా ఇస్తుంది. దానిలోనే కమాండర్ అని ఒకటి ఉంది, మౌస్ ముట్టుకోకుండా కీబోర్డ్‌తోనే ఫోల్డర్లు తిరుగుతూ, అక్షరాలు కొడుతూ ఫైళ్లని వడగట్టే చిన్న బ్రౌజర్. మీరడిగిన దానికి అన్నిటికన్నా దగ్గరగా ఉండేది ఇదే.

అయితే మీ అసలు ఇబ్బంది వీటితో తీరదు. పేర్లే నమ్మకంగా లేనప్పుడు పేరుని బట్టి వెతికే టూల్ ఎంత బాగున్నా ఏం లాభం? 'ఇదే వాడండి' అన్న ఫైల్ లోపల ఏముందో ఏ బ్రౌజరూ చెప్పలేదు. అందుకని నేను మీ స్థానంలో ఉంటే ఒక పూట కూర్చుని ఓ ఇరవై లైన్ల మాక్రో రాసుకుంటాను. ముందు ఫోల్డర్ ఎక్కడుందో అడుగుతుంది, గెట్ ఫైల్ లిస్ట్‌తో లోపలున్న పేర్లన్నీ తెస్తుంది, చివర డాట్ ఐజేఎం ఉన్నవి మాత్రమే ఉంచుకుంటుంది, ఒక్కో ఫైల్‌ని ఓపెన్ యాజ్ స్ట్రింగ్‌తో టెక్స్ట్‌గా చదువుతుంది. దాంట్లో మొదటి లైన్ రెండు గీతలతో మొదలైతే అది కామెంట్, దాన్ని తీసుకుంటుంది. ఆపైన ఇండెక్స్ ఆఫ్‌తో ఆ టెక్స్ట్‌లో 'అనలైజ్ పార్టికల్స్' (కణాలు లెక్కపెట్టి కొలిచే కమాండ్) అన్న మాట ఉందా, 'వాటర్‌షెడ్' (అంటుకున్నవాటిని విడదీసేది) ఉందా, 'సెట్ స్కేల్' (ఒక పిక్సెల్ అసలు ఎంత పొడవో చెప్పేది) ఉందా అని చూస్తుంది. చివరికి ఫైల్ పేరు, ఆఖరిసారి మార్చిన తేదీ, మొదటి కామెంట్, ఏ ఏ కమాండ్లు వాడింది అన్నీ లాగ్ విండోలో ఒక్కో వరసగా రాస్తుంది. దాన్ని స్ప్రెడ్‌షీట్‌లో అతికించుకోండి. నూట నలభై ఫైళ్లు ఒక్క పట్టికలో కనిపించేసరికి సగం ఫైళ్లు ఒకదానికొకటి కాపీలని ఇట్టే తెలిసిపోతుంది. అంటుకున్న కణాలని విడదీసే మాక్రో కావాలంటే వాటర్‌షెడ్ ఉన్న వరసలు చూస్తే చాలు, పేరు ఏదైనా సరే.

ఇంకొంచెం ఓపికుంటే అదే మాక్రోకి ఒక డైలాగ్ తగిలించి, జాబితాలోంచి ఎంచుకున్న ఫైల్‌ని రన్ మాక్రోతో నడిపేలా చేయండి. మీ ల్యాబ్‌కి సరిపోయే మాక్రో బ్రౌజర్ మీ చేత్తోనే తయారవుతుంది.

ప్రశ్న: సార్, మా సీనియర్ కంప్యూటర్‌లో కేంద్రకాలని చక్కగా లెక్కపెట్టే మాక్రో, అదే ఇమేజ్ మీద నా కంప్యూటర్‌లో నడిపితే ఒకసారి సున్నా వస్తోంది, ఒకసారి ఇమేజ్ అంతా కలిపి ఒకే ఒక్క 'కణం' అంటోంది. కోడ్ అక్షరం తేడా లేదు, రెండుసార్లు సరిచూశాం. టెన్షన్‌గా ఉంది, వచ్చే వారం గైడ్‌కి చూపించాలి. తప్పు ఎక్కడ?
(పరిశోధక విద్యార్థి)

జవాబు: కోడ్‌లో తేడా లేదంటున్నారు కాబట్టి తేడా కోడ్ బయట ఉంది. ఈ ఒక్క సంగతి ఎవరూ ముందుగా చెప్పకపోవడం వల్ల ఎన్ని ల్యాబ్‌ల్లో ఎన్ని రోజులు పోతున్నాయో, కాస్త వివరంగానే చెప్తాను.

మాక్రోలు చాలావరకు రికార్డర్‌తో పుడతాయి. రికార్డర్ ఆన్ చేశాక మీరు నొక్కినవి మాత్రమే అది రాసుకుంటుంది. ఆరు నెలల కిందట మీ సీనియర్ ఎప్పుడో ఒక డైలాగ్‌లో టిక్ పెట్టి మర్చిపోయిన సెట్టింగ్, అది ఆయన కంప్యూటర్‌లో ఇంకా అలాగే ఉంటుంది గానీ మాక్రోలోకి రాదు. మీ కంప్యూటర్‌లో ఆ టిక్ లేదు. ఆయన మాక్రో ఆయన సెట్టింగ్‌ల మీద నిలబడి పని చేస్తోంది, మీకు ఇచ్చింది మాత్రం మాక్రో ఒక్కటే.

మీ లక్షణాలు చూస్తే, మొదట అనుమానించాల్సింది బ్లాక్ బ్యాక్‌గ్రౌండ్ అనే టిక్. ప్రాసెస్ మెనూలో బైనరీ, దాని కింద ఆప్షన్స్‌లో ఉంటుంది. ఇమేజ్‌ని నలుపు తెలుపు మాస్క్‌గా మార్చినప్పుడు కణాలు తెల్లగా రావాలా నల్లగా రావాలా అన్నది దాన్ని బట్టే. అది అటూఇటూ అయితే తర్వాత వచ్చే స్టెప్పులు కణాల్ని వదిలేసి బ్యాక్‌గ్రౌండ్‌ని పట్టుకుంటాయి. అప్పుడు ఇమేజ్ అంతా ఒకే పెద్ద 'కణం' అవుతుంది. అంచుని తాకే కణాల్ని వదిలేయమని టిక్ ఉంటే ఆ ఒక్కటీ పోయి సున్నా మిగులుతుంది. మీరు చెప్పిన రెండు ఫలితాలూ అవే కదా. థ్రెషోల్డ్ (ఏ విలువ దాటితే కణం అనుకోవాలో చెప్పే హద్దు) లైన్‌లో ఓట్సు, అంటే ఆ హద్దుని లెక్కగట్టే ఒక పద్ధతి పేరు, దాని పక్కన 'డార్క్' అన్న మాట ఉందా లేదా కూడా చూడండి, ఆ మాటకి అర్థం బ్యాక్‌గ్రౌండ్ చీకటిగా ఉందని. ఫ్లోరసెన్స్ ఫొటోకి అది ఉండాలి, మామూలు వెలుగులో రంగు వేసి తీసిన ఫొటోకి ఉండకూడదు.

మన కంటిని కూడా ఇక్కడ నమ్మలేం. ఫైల్ మెనూలో ఓపెన్ శాంపిల్స్‌లో బ్లాబ్స్ అని ఒక ఇమేజ్ ఉంటుంది, ఒకసారి తెరవండి. తెల్లటి నేపథ్యం మీద నల్లటి మచ్చలు కనిపిస్తాయి. విండో పైభాగంలో సన్నని అక్షరాల్లో ఒక లైన్ ఉంటుంది, చదివితే 256 బై 254 పిక్సెల్స్, 8 బిట్, ఇన్వర్టింగ్ లట్ అని ఉంటుంది. అంటే చూపించే రంగుల పట్టిక తిరగేసి ఉంది. నల్లగా కనిపించే మచ్చల్లో పిక్సెల్ విలువలు నిజానికి ఎక్కువ, తెల్లగా కనిపించే చోట తక్కువ. మాక్రో లెక్కలు విలువల మీద నడుస్తాయి, మనం మాత్రం రంగు చూసి ఇది చీకటి, ఇది వెలుగు అనుకుంటాం. కొత్తవాళ్లకి నేను నేర్పేటప్పుడు మొదటి గంటలోనే ఈ ఇమేజ్ చూపిస్తాను.

తర్వాత అనుమానించాల్సింది స్కేల్. అనలైజ్ పార్టికల్స్‌లో సైజు 50 నుంచి ఇన్ఫినిటీ అని ఉందనుకోండి. ఆ 50 దేనిలో? ఇమేజ్‌కి మైక్రాన్లలో స్కేల్ పెట్టి ఉంటే 50 చదరపు మైక్రాన్లు, స్కేల్ లేకపోతే 50 పిక్సెల్స్. పిక్సెల్ యూనిట్స్ అన్న టిక్ పెడితే తప్ప ఇంతే. అందుకే స్కేల్ ఉన్న ఫైల్ మీద బంగారంలా పని చేసిన మాక్రో, అదే ఫొటోని వేరే ప్రోగ్రామ్‌తో మామూలు టిఫ్‌గా సేవ్ చేసి స్కేల్ పోగొట్టుకున్న కాపీ మీద చెత్తని కూడా కణాలుగా లెక్కపెడుతుంది.

స్కేల్ విషయంలో నాకు తగిలిన దెబ్బ చెప్తాను. సెట్ స్కేల్ డైలాగ్‌లో గ్లోబల్ అని ఒక టిక్ ఉంటుంది, అది పెడితే ఆ తర్వాత తెరిచే ప్రతి ఇమేజ్‌కీ అదే స్కేల్ వర్తిస్తుంది. నేను 10 ఎక్స్ లెన్స్‌తో తీసిన ఫొటోలకి ఆ టిక్ పెట్టి, మధ్యాహ్నం అదే సిట్టింగ్‌లో 40 ఎక్స్ ఫొటోలు తెరిచి కొలిచాను. పొడవులన్నీ 4 రెట్లు, వైశాల్యాలన్నీ 16 రెట్లు ఎక్కువగా వచ్చాయి. మాక్రో ఏ తప్పూ చూపించలేదు, పట్టిక నీట్‌గా నిండిపోయింది. మూడు వారాల తర్వాత గ్రాఫ్ గీస్తుంటే ఒక కణం సైజు ఆ జాతిలో ఉండటానికి వీల్లేనంత పెద్దగా కనిపించి అనుమానం వచ్చింది. అప్పటికే ఆ అంకెలతో రెండు పట్టికలు తయారు చేసేశాను, అన్నీ మళ్లీ మొదటినుంచి చేశాను. సున్నా వచ్చినందుకు మీరు బాధపడుతున్నారు, కానీ సున్నా మంచిదే, కనీసం ఏదో తప్పుందని చెప్తోంది.

ఇక మిగిలినవి త్వరగా. ఆర్‌ఓఐ మేనేజర్‌లో (ఇమేజ్‌లో ఎంచుకున్న ప్రాంతాల గీతలు దాచే జాబితా) పాత గీతలు మిగిలి ఉన్నాయా, రిజల్ట్స్ పట్టికలో పాత వరసలు ఉన్నాయా, సెట్ మెజర్‌మెంట్స్‌లో 'లిమిట్ టు థ్రెషోల్డ్' మీద టిక్ ఉందా చూడండి.

మందు ఏమిటంటే, ఆ సీనియర్ ముందు కూర్చుని, ఆయన కంప్యూటర్‌లో ఈ డైలాగ్‌లన్నీ రికార్డర్ ఆన్ చేసి ఒక్కొక్కటి తెరిచి ఓకే నొక్కండి. ఆయన సెట్టింగ్‌లు లైన్లుగా రాసి వస్తాయి. ఆ లైన్లని మాక్రో మొదట్లో పెట్టేయండి, దాంతో పాటు ఆర్‌ఓఐ మేనేజర్ రీసెట్, క్లియర్ రిజల్ట్స్ కూడా. ఇంక అది ఎవరి కంప్యూటర్‌లో నడిపినా ముందు ఇల్లు ఊడ్చుకుని ఆ తర్వాత పని మొదలుపెడుతుంది. రెండు కంప్యూటర్లలోనూ ఫిజీ మూసి మళ్లీ తెరిచి, ఒకే ఇమేజ్ మీద నడిపి, మొత్తం సంఖ్యే కాకుండా పట్టికలో వరస వరస పోల్చండి. వారం చాలు, కంగారు పడకండి.

ప్రశ్న: మాక్రో, స్క్రిప్ట్, ప్లగిన్ ఒకటేనా? జావా నేర్చుకోవాలా?
(డిగ్రీ విద్యార్థి)

జవాబు: ఒకటి కాదు. మాక్రో భాష ఇమేజ్‌జెకి సొంతం, సులువు, రెండు రోజుల్లో చేయి తిరుగుతుంది. స్క్రిప్ట్ అంటే ఫిజీలో పైథాన్, గ్రూవీ, జావాస్క్రిప్ట్ లాంటి భాషల్లో రాసేది, పని పెద్దదైనప్పుడు అటు వెళ్తారు. ప్లగిన్ అంటే ఎక్కువగా జావాలో రాసి కంపైల్ చేసిన ఫైల్. మీకు ఇప్పుడు జావా అవసరం లేదు. రికార్డర్ ఆన్ చేసి, అది రాసే ప్రతి లైన్‌కి అర్థం తెలుసుకుంటూ వెళ్లండి.

ప్రశ్న: నేను రికార్డర్‌తో చేసిన మాక్రో ఒక ఇమేజ్ మీద బాగా నడుస్తుంది, రెండో ఇమేజ్ తెరిచి నడిపితే 'ఆ పేరుతో విండో లేదు' అని ఆగిపోతుంది. నా దగ్గర ఇలాంటివి మూడు వందల ఇమేజ్‌లున్నాయి. వేరేవాళ్లకి కూడా ఇవ్వగలిగేలా మార్చడం ఎలాగండీ?
(ల్యాబ్ టెక్నీషియన్)

జవాబు: ఆ మాక్రో తెరిచి 'సెలెక్ట్ విండో' అన్న లైన్ వెతకండి. బ్రాకెట్లలో, కోట్స్ మధ్యలో మీ మొదటి ఇమేజ్ పేరు ఉన్నదున్నట్టు కూర్చుని ఉంటుంది. రికార్డర్‌కి ఆ ఒక్క ఇమేజే తెలుసు మరి. మాక్రో మొదట్లో గెట్ టైటిల్‌తో తెరిచి ఉన్న ఇమేజ్ పేరుని ఒక వేరియబుల్‌లోకి తీసుకుని, ఎక్కడెక్కడ అసలు పేరుందో అక్కడ కోట్స్ తీసేసి ఆ వేరియబుల్ పెట్టండి. ఒకే పేరుతో రెండు విండోలు తెరుచుకునే అవకాశం ఉంటే పేరు కన్నా గెట్ ఇమేజ్ ఐడీ మేలు, అది ప్రతి ఇమేజ్‌కీ వేరుగా ఉంటుంది. 'మేక్ రెక్టాంగిల్' లైన్లు కూడా చూడండి, మీరు మొదటి ఇమేజ్‌లో గీసిన డబ్బా కొలతలు అంకెలుగా ఉంటాయి, ఇంకో ఇమేజ్‌లో ఆ చోట ఏమీ ఉండకపోవచ్చు.

ఫోల్డర్ దారుల దగ్గర రెండు తిరకాసులున్నాయి. విండోస్‌లో దారి మధ్య వచ్చే వెనక్కి వాలిన గీతని మాక్రోలో రెండుసార్లు రాయాలి, లేదంటే ముందుకి వాలిన గీత వాడేయండి, విండోస్‌లోనూ పని చేస్తుంది. రెండోది, ఫోల్డర్ పేరులో ఖాళీ ఉంటే కమాండ్‌కి ఇచ్చే దారిని చదరపు బ్రాకెట్లలో పెట్టాలి, లేకపోతే ఖాళీ వచ్చిన దగ్గర తెగిపోతుంది. 'ఫైల్ దొరకలేదు' అని వచ్చే ఫిర్యాదుల్లో నేను చూసినవి ఎక్కువ శాతం ఈ రెండే.

మూడు వందల ఇమేజ్‌లకి సులువైన దారి ప్రాసెస్ మెనూలో బ్యాచ్, దాని కింద మాక్రో. ఒక ఫోల్డర్ ఇస్తే, మీ కోడ్‌ని అందులో ఉన్న ఒక్కో ఇమేజ్ మీద నడుపుతుంది. సొంతంగా లూప్ రాసుకుంటే సెట్ బ్యాచ్ మోడ్ ట్రూ అని పెట్టుకోండి, విండోలు తెరపైకి రాకుండా పని జరుగుతుంది, చాలా వేగం వస్తుంది. ప్రతి ఇమేజ్ పని అయ్యాక క్లోజ్ చేయడం మర్చిపోకండి, మెమరీ నిండిపోతే మధ్యలో ఆగుతుంది. అలాగే ఫైల్ పేరు చివర టిఫ్ ఉందో లేదో చూసి తెరవమనండి, ఎందుకంటే ఫోల్డర్‌లో ఇమేజ్ కాని వేరే ఫైళ్లు, లోపలి ఫోల్డర్లు కూడా ఆ జాబితాలోకి వచ్చేస్తాయి.

మూడు వందలూ ఒకేసారి వదలకుండా ముందు అయిదు ఇమేజ్‌ల మీద నడిపి, ఆ అయిదింటినీ చేత్తో లెక్కపెట్టి పోల్చుకోండి.

ప్రశ్న: ఎవరో తెలియనివాళ్లు రాసిన మాక్రో నడిపితే ప్రమాదమా? మా ఫ్రెండ్ ఒకసారి ఒక మాక్రో నడిపాక తన ఒరిజినల్ ఇమేజ్‌లే పోయాయి అంటోంది. వైరస్ అనుకోవాలా?
(పేరు వద్దన్నారు)

జవాబు: వైరస్ అయి ఉండదండి. మీ ఫ్రెండ్ మాక్రోలో ఏం జరిగి ఉంటుందో ఊహించగలను: ఇమేజ్ తెరిచింది, బ్లర్ చేసింది, మాస్క్ చేసింది, అదే పేరుతో అదే ఫోల్డర్‌లో సేవ్ చేసింది. మాక్రోలో సేవ్ యాజ్ లైన్ నడిచినప్పుడు 'పాత ఫైల్ మీద రాయమంటారా' అని అడగదు, రాసేస్తుంది. తెరిచే ఫోల్డరూ సేవ్ చేసే ఫోల్డరూ ఒకటే అయితే నెలల తరబడి తీసిన ఒరిజినల్స్ నిమిషంలో నలుపు తెలుపు మాస్కులైపోతాయి. చాలా బాధ కలిగించే నష్టం అది, మైక్రోస్కోప్ ముందు మళ్లీ ఆ శాంపిల్‌తో కూర్చోలేం కదా.

ప్రమాదం గురించి సూటిగా చెప్పాలంటే, మాక్రోకి ఫైళ్లు తీసేసే శక్తి ఉంది. ఫైల్ డిలీట్ అన్న ఫంక్షన్ మీ హోమ్ ఫోల్డర్, ఇమేజ్‌జె ఫోల్డర్, తాత్కాలిక ఫోల్డర్ వరకే పరిమితం, కానీ మన ఫొటోలు ఎక్కువగా ఉండేది హోమ్ ఫోల్డర్‌లోనే. ఎగ్జెక్ అన్న ఫంక్షన్ వేరే ప్రోగ్రామ్‌లని కూడా నడపగలదు. అందుకని మాక్రో బ్రౌజర్‌లో దొరికిన వెంటనే డబుల్ క్లిక్ చేసి నడిపే అలవాటు వద్దు. ముందు ఎడిటర్‌లో తెరిచి నాలుగు మాటలు వెతకండి: డిలీట్, ఎగ్జెక్, సేవ్, రీనేమ్. అవి ఉన్న లైన్లు ఏ ఫోల్డర్ మీద పని చేస్తున్నాయో అర్థమయ్యాకే నడపండి, అదీ కాపీ చేసుకున్న ఇమేజ్‌ల మీద. ఒరిజినల్స్ ఉన్న ఫోల్డర్‌ని చదవడానికి మాత్రమే వీలయ్యేలా లాక్ చేసి పెట్టుకుంటే ఇంకా నిశ్చింత.

ప్రశ్న: వేరేవాళ్ల మాక్రో వాడి తీసిన ఫలితాలని థీసిస్‌లో పెట్టుకోవచ్చా?
(పరిశోధక విద్యార్థిని)

జవాబు: పెట్టుకోవచ్చు, కానీ వాడానని చెప్పాలి. ఇమేజ్‌జె పబ్లిక్ డొమైన్‌లో ఉంది, దానితో చిక్కు లేదు. మాక్రోల సంగతి వేరు, రాసినవాళ్లు ఏ లైసెన్స్ పెట్టారో ఫైల్ పైభాగంలో చూడండి, ఏమీ లేకపోతే ఒక మెయిల్ రాసి అడిగేయండి, చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. మెథడ్స్‌లో ఇమేజ్‌జె వెర్షన్ నంబర్, మాక్రో రాసినవాళ్ల పేరు, మీరు మార్చిన లైన్లు రాయండి, మాక్రో ఫైల్‌ని అనుబంధంగా జత చేయండి. 'ఇమేజ్‌జెతో విశ్లేషించాం' అన్న ఒక్క వాక్యంతో సరిపెడితే మీ అంకెలని ఎవరూ మళ్లీ తీసి చూడలేరు. రెండేళ్ల తర్వాత మీరు కూడా తీయలేరు.

ప్రశ్న: మా గ్రూపులో పదిమంది ఉన్నారు, అందరూ మాక్రోలు రాస్తారు, ఎవరిది వాళ్లకే తెలుసు. అందరికీ ఉపయోగపడేలా ఒక గ్రంథాలయంలా పెట్టాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?
(ల్యాబ్ బాధ్యతలు చూసే అధ్యాపకురాలు)

జవాబు: మేడమ్, ఈ ఉత్తరం చూసి చాలా సంతోషమేసింది, ఎందుకంటే పైన వచ్చిన ప్రశ్నల్లో సగం ఇలాంటి ఏర్పాటు లేకనే పుట్టాయి. టూల్ గురించి ముందు ఆలోచించకండి. ప్రతి మాక్రో పైన ఉండాల్సిన కామెంట్ లైన్లు ఏమిటో ముందు తేల్చుకోండి, టూల్ ఏది వాడినా చూపించేది వాటినే.

మొదటి లైన్ ఆ మాక్రో చేసే పనిని ఒకే వాక్యంలో చెప్పాలి: 'నీలం చానల్‌లో కేంద్రకాలు లెక్కపెట్టి, ఒక్కోదాని వైశాల్యం పట్టికలో రాస్తుంది' అన్నట్టు. 'కౌంటింగ్ మాక్రో' అని రాస్తే ఒప్పుకోకండి. దాని కింద ఎలాంటి ఇమేజ్ కావాలో: ఎన్ని బిట్లు, ఎన్ని చానల్స్, స్కేల్ ఉండాలా వద్దా, బ్యాక్‌గ్రౌండ్ చీకటా వెలుగా. ఆపైన ఏమేం బయటికొస్తాయి, ఎక్కడ సేవ్ అవుతాయి. ఎవరు రాశారు, ఎప్పుడు మార్చారు. ఏ వెర్షన్ నుంచి పని చేస్తుందో రిక్వైర్స్ అన్న ఫంక్షన్‌తో కోడ్‌లోనే పెట్టించండి, పాత ఇమేజ్‌జెలో నడిపితే అదే చెప్పి ఆగిపోతుంది.

మార్చుకోవాల్సిన అంకెలు, అంటే బ్లర్ ఎంత, కనీస సైజు ఎంత లాంటివి, కోడ్ మధ్యలో చెదురుగా వదలకుండా పైకి తెమ్మనండి. ఫిజీలో అయితే ఇంకా సుఖం, హ్యాష్ గుర్తు, ఎట్ గుర్తు పక్కపక్కన పెట్టి మొదలుపెట్టే పారామీటర్ లైన్లు రాస్తే నడపగానే డైలాగ్ దానంతటదే వస్తుంది, ఫోల్డర్ ఎంచుకునే బటన్‌తో సహా. కోడ్ ముట్టుకోవడానికి భయపడేవాళ్లు కూడా అప్పుడు ధైర్యంగా వాడతారు. మామూలు ఇమేజ్‌జెలో మాత్రం ఆ లైన్లు పని చేయవు, గ్రూపంతా ఫిజీ మీదే ఉండాలని ముందే అనుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం అనుకునేది ఇప్పుడు చెప్తున్నాను: ప్రతి మాక్రో పక్కన ఒక చిన్న పరీక్ష ఇమేజ్, ఆ ఇమేజ్ మీద నడిపితే రావాల్సిన పట్టిక ఉండాలి. మాక్రో కొత్తగా వాడబోయేవాళ్లు ముందు ఆ ఇమేజ్ మీద నడిపి, పట్టిక అచ్చంగా అలాగే వచ్చాకే తమ ఇమేజ్‌ల జోలికెళ్లాలి. ఫిజీ అప్‌డేట్ చేసినప్పుడల్లా ఒకరు కూర్చుని అన్ని పరీక్షలూ మళ్లీ నడిపించాలి. దీనికి బద్ధకిస్తారు, మొదట్లో మీరు పక్కన కూర్చుని చేయించండి.

ఫైళ్లు పంచుకోవడానికి గిట్ వాడగలిగితే వాడండి, ఎవరు ఏ లైన్ ఎప్పుడు మార్చారో దాచుకుంటుంది, 'ఫైనల్ 2' పేర్లు వాటంతట అవే మాయమవుతాయి. గిట్ కష్టమనిపిస్తే, అందరూ చదవగలిగే, ఒకరిద్దరు మాత్రమే రాయగలిగే ఒక షేర్డ్ ఫోల్డర్ చాలు. పదిమంది మాక్రోలు ఒకేసారి పోగెయ్యాలని చూడకండి. ఈ నెల అందరూ ఎక్కువగా అరువు తీసుకునే మూడింటిని తీసుకోండి, వాటికి పైన చెప్పిన లైన్లు, పరీక్ష ఇమేజ్ పెట్టించండి, రాసినవాళ్లు కాకుండా ఇంకొకరి చేత వాళ్ల కంప్యూటర్‌లో నడిపించండి. ఆ నడిపేవాళ్లు ఎక్కడ ఆగి ప్రశ్న అడిగారో అక్కడ ఒక కామెంట్ లైన్ తక్కువైందని అర్థం. దాన్ని అప్పటికప్పుడే రాయించేయండి.